మట్టి చదువు

కిందటి సంచికలో మన ఊరి చెరువుల గురించి రాసిన నాలుగు ముక్కలు చదివి, హోట్గి రోడ్డు మగ్గాల బస్తీ నుంచి ఒక తల్లి మన సంఘం కార్యాలయానికి ఉత్తరం పంపించారు. వారి అమ్మాయి బి.యస్సీ. పూర్తి చేసింది. కేగాంవ్‌లోని మన సోలాపూర్ విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞానం ఎమ్మెస్సీలో చేరతానంటోంది. తండ్రికి ఇష్టం లేదు. కొండలెంబడి, వాగులెంబడి తిరిగే చదువు ఆడపిల్లకెందుకు, బి.ఇడి. చేస్తే సంబంధాలైనా వస్తాయి కదా అని ఆయన మాట. "మీరు ముప్పై ఏళ్ళకు పైగా ఇదే చదువు చెప్పి బతికారు. దీంతో పొట్ట గడుస్తుందా? ఇంటికేమైనా పనికొస్తుందా? దాపరికం లేకుండా రాయండి" అని ఆ తల్లి అడిగారు. ఉత్తరమంతా తెలుగే గానీ రాసింది మరాఠీ అక్షరాల్లో. మనకొచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే కనుక చదవడానికి నాకు ఇబ్బంది కలగలేదు.

నేను కాలేజీలో భూగోళం మాస్టరును. అందులోనూ నా పని నేల పైపొరతో: వాన, వాగు, మట్టి, కొండచరియ, వరద, భూకంపం. ఇంగ్లీషులో దీనికి పెద్ద పేరు ఉంది. మా నాయిన మాత్రం "మట్టి చదువు" అనేవాడు. ఆ పేరే నాకు నచ్చింది.

మాది కూడా హోట్గి రోడ్డు ఇల్లే. తాతగారు కట్టించిన రాతిగోడలు, మీద మాళవద్ కప్పు. ముందు గదిలో సాంచలు, వెనక గదిలో మేము. ఎండాకాలం వచ్చిందంటే పడమటి గోడలో ఒక పగులు తెరుచుకునేది, వానలు పడగానే మూసుకునేది. నాయిన నూలు కట్ట మీది చీటీ ఒకటి చింపి, గంజితో ఆ పగులు మీద అడ్డంగా అంటించేవాడు. చీటీ చిరిగితే గోడ జరిగినట్టు, చిరగకపోతే ఆ ఏడాదికి ఫరవాలేనట్టు. ఈ మాత్రం పరికరంతో ఇల్లు కాపాడుకున్నాడు. తర్వాత నేను పుణెలో ఎమ్మే చదివేటప్పుడు పగుళ్ళ కదలికను కొలవడానికి గాజు పలకలు అంటిస్తారని పుస్తకంలో చూసి నవ్వుకున్నాను. మా ఇంట్లో ఆ పని ఎప్పటినుంచో జరుగుతోంది.

ఆ పగులుకు కారణం గోడ కాదు, కింద ఉన్న నల్లరేగడి. ఆ నేలలో ఒక జాతి బంకమట్టి ఉంటుంది. అది నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే మన మేస్త్రీలు పునాది తవ్వేటప్పుడు నల్లమట్టి దాటి మొరం తగిలేదాకా ఆగరు. మొరం అంటే మెత్తబడిన నల్లరాయి. దాని కింద గట్టి నల్లరాయి. ఆ రాయి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాడు నేల చీలికల్లోంచి పొంగి పొరలు పొరలుగా పరుచుకున్న లావా. ఆ లావాలో కొంత పాత నదీలోయల వెంట పడి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి రాజమండ్రి దాకా పోయిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి రాతి క్వారీల్లో ఈనాటికీ అది కనిపిస్తుంది. మన పెద్దలు నల్గొండ నుంచి, కరీంనగర్ నుంచి, పాలమూరు నుంచి మగ్గం పట్టుకుని ఇటు వచ్చారు. మనకంటే చాలా ముందు ఈ రాయి ఇటునుంచి అటు వెళ్ళింది. క్లాసులో ఈ మాట చెబితే మన పిల్లలు వెంటనే తలెత్తి చూసేవారు.

నేను ఈ చదువులో చేరతానన్నప్పుడు మా ఇంట్లోనూ పేచీయే. "రాళ్ళు సదివి ఏం జేస్తవ్ రా? రాయి కూడు బెడ్తదా?" అన్నాడు నాయిన. 1972 కరువు అప్పటికింకా అందరి మనసుల్లోనూ ఉంది. ఆ కరువులో పల్లె జనం రోడ్ల పక్కన కూర్చుని కంకర కొట్టి కూలి తెచ్చుకున్నారు. దాన్నిబట్టి చూస్తే రాయి కూడు పెట్టినట్టే కదా అని నేననలేదు. అంటే దెబ్బలు పడేవి.

సోలాపూర్‌కు ఈ విద్యలో ఒక ఘనత ఉంది. మనలో చాలామందికి తెలియదు కనుక చెబుతాను. పొలం మీద పడిన వాన ఎంత మట్టిని కోసుకుపోతుందో ఊహగా కాకుండా తూకం వేసి చూసిన పనులు మన దేశంలో తొలిగా జరిగిన చోట్లలో ఇది ఒకటి. 1933-35 మధ్య మెట్టసేద్యం పరిశోధన కోసం షోలాపూర్, బీజాపూర్, రాయచూరు, బళ్ళారి దగ్గరి హగరి, ఉత్తరాన రోహ్‌తక్, ఈ ఐదు చోట్ల కేంద్రాలు పెట్టారు. ఇక్కడి పని ఎన్.వి. కనిట్కర్ గారి చేతిమీదుగా నడిచింది. పద్ధతి చాలా సులువు. వాలు నేలలో ఒక పట్టీకి చుట్టూ గట్టు కట్టి, దిగువన తొట్టి పెడతారు. వాన వెలిశాక తొట్టిలోని బురదను ఎండబెట్టి తూస్తారు. పైరు ఉన్న పట్టీలో ఎంత, ఖాళీ పట్టీలో ఎంత, దుక్కి అడ్డంగా దున్నితే ఎంత అని లెక్క తీస్తారు. మనది ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే ఊరు. ఆ కొద్ది వానా నాలుగైదు గట్టి దెబ్బలుగా పడుతుంది. ఏడాది పొడుగునా కాపాడుకున్న మట్టి ఒక సాయంత్రంలో వాగు పాలవుతుంది.

నా పిహెచ్.డి. పని సీనా నది పరివాహకంలో. వాలు నేలల్లో ఇనుప మేకులు కొట్టి, తల ఎంత పైకి ఉందో గుర్తుపెట్టుకుని, ప్రతి వానాకాలం తర్వాత వెళ్ళి మళ్ళీ కొలవాలి. మేకు ఎంత బయటపడితే అంత మట్టి పోయినట్టు. నాలుగేళ్ళ పని అనుకున్నది ఆరేళ్ళు పట్టింది. మేకలు కాసే పిల్లలు మేకులు పీకి పాత ఇనుము కొట్లో అమ్ముకునేవారు. ఊరి పాటిల్ గారిని పట్టుకుని, పిల్లలకు బెల్లం, పుట్నాలు పంచి, వాళ్ళనే కాపలా పెట్టాక గానీ లెక్క కుదరలేదు. పరిశోధన అంటే తెల్లకోటు వేసుకుని అద్దాల గదిలో కూర్చోవడం అనుకునేవారికి ఈ సంగతి చెప్పాలనిపించింది. ఈ చదువులో సగం విద్య, ఆ ఊరి జనంతో వారి భాషలో మాట్లాడగలగడం. మరాఠీ, కన్నడం, తెలుగు, ఉర్దూ నాలుగూ వినబడే ఊళ్ళో పుట్టినందుకు నాకు అది సుళువుగా వచ్చింది. ఇంటిపట్టున నేర్చిన ఆ నాలుగు భాషలే నా ఉద్యోగంలో డిగ్రీలకంటే ఎక్కువగా అక్కరకొచ్చాయి.

ఆ మట్టి ఎక్కడికి పోతుందో మీకు తెలుసా? సీనా భీమలో కలుస్తుంది. భీమ రాయచూరు దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ దివిసీమ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే ఆ డెల్టా నేలలో మన సోలాపూర్ నల్లమట్టి కూడా ఉంది. వేల ఏళ్ళపాటు మనం పోగొట్టుకున్నది వారికి పంటభూమి అయింది. ఇప్పుడు భీమ మీద ఉజనీ, కృష్ణ మీద శ్రీశైలం, నాగార్జునసాగర్ వచ్చాక మట్టి ఆ జలాశయాల్లోనే దిగిపోతోంది. సముద్రం మాత్రం తన పని తాను చేస్తూనే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కాకాని నాగేశ్వరరావు గారు ఉపగ్రహ చిత్రాలు, పాత పటాలు పక్కపక్కన పెట్టి కృష్ణా, గోదావరి డెల్టాల తీరం ఎక్కడెక్కడ కోసుకుపోతోందో చూపించారు. కొత్తగా ఏర్పడే నేల కంటే పోయే నేల ఎక్కువని తేల్చారు. డ్యాము అక్కర్లేదని ఎవరూ అనరు, ఉజనీ నీళ్ళు తాగే మనం అసలే అనలేం. కానీ 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్న తీరం అది. అక్కడ నేల తరుగుతోందంటే మనకూ పట్టాలి.

విశాఖలోని ఆ విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాఖ 1941లో మొదలైంది. రామన్ గారి దగ్గర పనిచేసిన కాలమూర్ మహదేవన్ గారు దాన్ని నిలబెట్టారు. 1950ల్లో అమెరికా నుంచి వచ్చిన లాఫాండ్ గారితో కలిసి వాళ్ళు తీరానికి కొంత దూరంలో సముద్రం అడుగున పెద్ద లోయలు కనిపెట్టారు. ఒక లోయకు మహదేవన్ గారి పేరే ఉంది. మాస్టరు పేరు సముద్రం అడుగున ఉండడం ఎంత బాగుంది!

ఇక కిల్లారి.

1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు. ముందురోజు అనంత చతుర్దశి. గణపతి నిమజ్జనం చేసి వచ్చి జనమంతా అలిసి పడుకున్నారు. మా వీధిలో రాత్రి పాళీ సాంచలు ఆడుతున్న ఇళ్ళవారికి ముందు ఏమీ తెలియలేదు. ఆ చప్పుడులో ఏం తెలుస్తుంది? మాళవద్ కప్పు నుంచి మట్టి రాలి చాదర్ల మీద పడ్డాక గానీ బయటికి పరుగెత్తలేదు. మాకు జరిగిన నష్టం అంతటితో సరి. మాకు వంద కిలోమీటర్ల లోపే, తేర్ణా నది ఒడ్డున కిల్లారి, సాస్తూరు, హోళీ లాంటి ఊళ్ళు ఆ కొద్ది సెకన్లలో రాళ్ళకుప్పలయ్యాయి. దాదాపు 8,000 మంది పోయారని ప్రభుత్వ లెక్క. అంతకంటే ఎక్కువ చెప్పిన లెక్కలూ ఉన్నాయి.

కాలేజీ పిల్లలతో నల్దుర్గం, ఉమర్గా మీదుగా మేమూ వెళ్ళాం. వాన పడుతోంది. పిల్లలు రాళ్ళు మోశారు, గంజి పంచారు. నేను కూడా మోశాను గానీ నా కళ్ళు గోడల మీదే ఉన్నాయి. ఆ భూకంపం తీవ్రత 6.2. ప్రపంచంలో ఏటా అంత తీవ్రతవి చాలానే వస్తాయి. చాలాచోట్ల ఇంతమంది పోరు. ఇక్కడెందుకు పోయారంటే గోడ చూస్తే తెలిసింది. రెండు మూడడుగుల మందం రాతిగోడ, సున్నం లేదు, సిమెంటు లేదు, మట్టి అడుసు. చూడ్డానికి కోటగోడలా ఉంటుంది గానీ నిజానికి అది రెండు పలచటి గోడలు. బయటి వరస ఒకటి, లోపలి వరస ఒకటి, మధ్యలో చిన్న రాళ్ళు, మట్టి. రెండు వరసలనూ కలిపి పట్టే పొడుగు రాయి లేదు. అదిరేసరికి బయటి వరస బయటికి, లోపలి వరస లోపలికి పడింది. మీద ఏటేటా కారకుండా పోసుకుంటూ వచ్చిన మట్టికప్పు, టన్నుల బరువు, పడుకున్నవాళ్ళ మీదికి దిగింది. ఊరి చివర పూరిగుడిసెల్లో ఉన్న బీదలు చాలావరకు బతికారు. దిట్టమైన వాడాల్లో ఉన్నవారు పోయారు. ఆ ఇళ్ళు అచ్చంగా మా ఇంటిలాంటివే. ఆ రోజు అన్నం సయించలేదు.

హైదరాబాదు నుంచి జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వారు పరికరాలతో దిగారు. 1961లో పుట్టిన ఆ సంస్థకు అప్పుడు డైరెక్టరు హర్ష్ గుప్తా గారు. 1967 డిసెంబరు 11 నాటి కోయనా భూకంపం మీద ఎన్నో ఏళ్ళు పనిచేసిన మనిషి. తర్వాత వారు కిల్లారిలో 617 మీటర్ల లోతు బోరు వేశారు. 338 మీటర్ల దాకా మన నల్లరాయే. దాని కింద ఎనిమిది మీటర్ల పాత మట్టిపొర, దాని కింద 200 కోట్ల ఏళ్ళకు పైబడిన రాయి. ఇంత పాత, గట్టి నేల ఎందుకు కదిలింది? దగ్గరలోనే మాకణి దగ్గర కట్టిన తేర్ణా జలాశయం నీటి బరువా, లోపలి పాత పగులా అన్నదాని మీద శాస్త్రజ్ఞులు ఒక మాట మీదికి రాలేదు. 1992 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కిల్లారిలో నేల చాలాసార్లు అదిరింది. జనం బయట పడుకున్నారు. తర్వాత అది సద్దుమణిగింది, జనం లోపలికి వెళ్ళారు. దాన్ని చూసి ఏడాది తర్వాత పెద్దది వస్తుందని చెప్పగలిగే విద్య ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. భూకంపం ఫలానా రోజున వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

సాస్తూరులో ఒక ముసలామె నన్ను పట్టుకుని "మాస్తర్, మళ్ళీ వస్తదా?" అని అడిగింది. ఉమర్గా వైపు మన భాష తెలిసినవారు కొందరుంటారు. ఎప్పుడు వస్తుందో నాకు తెలియదని, ఏ గోడ పడుతుందో మాత్రం తెలుసునని చెప్పాను. ఆమె తన కొడుకు ఇంకా నిలబడి ఉన్న ఒక గోడకు ఆనుకుని వేసుకున్న పరదా చూపించింది. మా పిల్లలు దాన్ని అప్పటికప్పుడే పీకి మైదానంలో వేశారు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నా చదువు ఇంత సూటిగా ఒకరికి అందిన సందర్భం అదొక్కటే అనిపిస్తుంది.

అప్పటి భూకంప పటంలో ఈ ప్రాంతం అన్నిటికంటే తక్కువ భయమున్న ఒకటో మండలంలో ఉండేది. 2002లో పటం సవరించినప్పుడు ఒకటో మండలం అన్నదాన్నే తీసేశారు. లాతూరు, మన సోలాపూర్ మూడో మండలంలోకి ఎక్కాయి. ప్రపంచబ్యాంకు సాయంతో 52 ఊళ్ళను కొత్తచోట కట్టారు. కట్టిన ఇళ్ళు గట్టివే. వీధులు మాత్రం కాలనీల్లా తిన్నగా గీశారు, పశువుల కొట్టానికి చోటు లేదు, అత్తగారికి కోడలికి మధ్య అరుగు లేదు అని జనం గొణుక్కున్నారు. ఆ గొణుగుడు కూడా ఈ చదువులో భాగమే. ఇల్లు కడితే అందులో ఉండేవాళ్ళను అడగాలి.

కిల్లారి తర్వాత నా పాఠం మారింది. పరీక్షలో పర్వతాల రకాలు రాయించడం ఎలాగూ తప్పదు. దాంతోపాటు ప్రతి ఏడాదీ పిల్లల చేత వారి వారి వీధి కొలిపించేవాడిని. గోడ దేనితో కట్టింది, కప్పు ఏమిటి, మెట్లు ఎటు, వానపడితే నీళ్ళు ఎటు పోతాయి, పాత నాలా మీద ఇప్పుడేముంది? హోట్గి రోడ్డు పిల్లలు తెచ్చిన కాగితాల్లో ఒకే కథ ఉండేది. కింద పాత రాతిగోడ, దాని మీద కొత్త స్లాబు, స్లాబు మీద ఇంకో రెండు సాంచలు. రోజంతా ఆడే సాంచల అదురుకు మట్టి అడుసు వదులవుతూనే ఉంటుంది. నాలా సంగతి సరేసరి. 2025 సెప్టెంబరులో సీనా పొంగి మాఢా, మోహోళ్ తాలూకాల ఊళ్ళు మునిగినప్పుడు, ఎండాకాలం మేకలు దాటే ఆ సన్నటి ఏరు అంత వెడల్పు ఎలా అయిందని అందరూ నన్ను ఫోనులో అడిగారు. అది కొత్త వెడల్పు కాదు. వాగుకు తన పాత ఒడ్డు గుర్తుంటుంది. పొలానికీ ఇంటికీ మనం మధ్యలో వాడుకున్నాం, అంతే.

ఇప్పుడు ఆ తల్లి అడిగిన పొట్ట సంగతి. ఉన్నదున్నట్టు చెబుతాను. కాలేజీల్లో పర్మనెంటు పోస్టులు అరుదు. నెట్, సెట్ పాసైనవారు కూడా తాసాల లెక్కన ఏళ్ళతరబడి చెబుతున్నారు. ఒక తాసుకు వచ్చేది సాంచ మీద కూర్చున్న పనివాడి కూలితో పోల్చుకుని సిగ్గుపడే పిల్లలను చూశాను. అందుచేత లెక్చరర్ ఉద్యోగం ఒక్కటే మనసులో పెట్టుకుని ఈ దారికి రావద్దు. ఎమ్మెస్సీ చేస్తూనే యు.పి.యస్.సి. వారి కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షకు తయారుకావాలి. దానితో జియలాజికల్ సర్వేలో, కేంద్ర భూగర్భజల బోర్డులో ఉద్యోగాలు వస్తాయి. 1851లో పుట్టిన సర్వే అది. దేశంలో కొండచరియల ప్రమాదాలను పరిశీలించే బాధ్యత 2004 నుంచి దానిదే. 2014 జూలై 30న మన పుణె జిల్లాలో మాళీణ్ ఊరు కొండ కింద కప్పబడిపోయినప్పుడు చూశాం కదా ఆ పని ఎంత అవసరమో. గేట్ రాస్తే పరిశోధనకు దారి ఉంది. ఇంకో మాట, ఈ విద్యకు హైదరాబాదు పుట్టిల్లులాంటిది. భూభౌతిక సంస్థ అక్కడే. సునామీ హెచ్చరికలు పంపే సముద్ర సమాచార కేంద్రం అక్కడే. ఉపగ్రహ చిత్రాల సంస్థ అక్కడే. సర్వే వారి శిక్షణ సంస్థా అక్కడే. సాయంత్రం మన స్టేషనులో రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊరు, చుట్టాలున్న ఊరు. తెలుగు నోటికి వచ్చిన పిల్ల అక్కడ పరాయిది కాదు.

ఆడపిల్ల కొండలెక్కడం గురించి తండ్రిగారికి ఒక్క సంగతి చెప్పాలి. 1983లో మన దేశం నుంచి అంటార్కిటికాకు మూడో యాత్ర వెళ్ళింది. దానికి నాయకుడు ఇందాక చెప్పిన హర్ష్ గుప్తా గారే. అందులో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, అదితి పంత్, సుదీప్తా సేన్‌గుప్తా. రెండో ఆవిడ భూవిజ్ఞానం ప్రొఫెసర్. మంచుకొండల్లో రాళ్ళు కొట్టి తిరిగి వచ్చారు. మన పిల్ల వెళ్ళేది తుల్జాపూర్ ఘాటు దాకా, బాచ్‌లో ఇరవైమంది, వెంట మాస్టర్లు. ఫీల్డు పని జరిగే చోట ఉండడానికి, స్నానానికి వసతి ఏమిటని డిపార్ట్‌మెంటులో ముందే అడగండి. అడగడం తల్లిదండ్రుల హక్కు. అడిగిన తర్వాత పంపండి.

ఇంటికేం పనికొచ్చిందన్న ప్రశ్నకు మాత్రం మా ఇంటి సంగతే చెప్పాలి. నాయిన పోయాక ఇల్లు అన్న చేతికి వచ్చింది. టవల్లకు గిరాకీ బాగున్న రోజులు. పాత రాతిగోడల మీదే స్లాబు పోసి, పైన ఇంకో రెండు సాంచలు వేద్దామన్నాడు. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చి రెండేళ్ళే అయింది. నేను వద్దన్నాను. "తాత కట్టిన గోడ తమ్మీ, యాభై ఏండ్లు నిలవడ్డది. నీ కితాబుల కంటె నిఖారసైనది" అన్నాడు. కిల్లారి గోడ కూడా వాళ్ళ తాతదే అన్నాను. ఆ మాటకు అన్న లేచి వెళ్ళిపోయాడు. ఎనిమిది నెలలు మాటల్లేవు. వచ్చిన మేస్త్రీ కూడా అన్న వైపే. గోడకు గడ్డపారతో పొడిచి, చూడండి ఎంత గట్టిదో అన్నాడు.

చివరికి వదినె కదిలించింది. ఆమె పుట్టినిల్లు ఉమర్గా. కిల్లారిలో దగ్గరి చుట్టాలు నలుగురు పోయారు. "పైన సాంచలు, కింద నా పిల్లలు. నేను పండుకోను ఆ ఇంట్ల" అంది. అంతే, నా డిగ్రీలు చేయలేని పని అయిపోయింది. పాత గోడలు దింపాం. నల్లమట్టి దాటి మొరం దాకా పునాది తీశాం. పిల్లర్లు, పునాది మట్టంలో ఒక కాంక్రీటు పట్టీ, తలుపుల పైన ఇల్లంతా చుట్టి వచ్చే ఇంకో పట్టీ. ఈ రెండు పట్టీలు గోడలన్నిటినీ చాదరు అంచులా కలిపి పడతాయి. పిల్లర్లలో ఇనుప రింగుల కొసలను కాంక్రీటు లోపలికి వంచమని నేను పట్టుబట్టాను. మామూలుగా ఎల్ ఆకారంలో వదిలేస్తారు. అదిరినప్పుడు అలాంటి రింగు తెరుచుకుంటుంది, లోపలి చువ్వలు బయటికి వస్తాయి. మేస్త్రీ నవ్వాడు. రోజుకు వంద రింగులు వంచే కుర్రాడు అరవైకి దిగాడు. అన్న కూలి లెక్క చూసి తల పట్టుకున్నాడు. ఇనుము, సిమెంటుకు డబ్బు చాలక రెండు సాంచలు అమ్మాల్సి వచ్చింది. ఆ రెండు సాంచల మాట అన్న ఈనాటికీ దసరా పూట ఒకసారి ఎత్తుతాడు.

స్లాబు పోసే ముందురోజు నా క్లాసు పిల్లలను తీసుకొచ్చి రింగులు చూపించాను. వాళ్ళలో ఒకడు మన బస్తీలోనే ఇప్పుడు కాంట్రాక్టులు చేస్తున్నాడు. ఆ మేస్త్రీ కూడా ముసలివాడయ్యాడు గానీ పని మానలేదు. రింగు కొసలు లోపలికి వంచాలంటే వేరే రేటు అని, మాస్టరు ఇంటి పద్ధతి అని చెప్పి కూలి ఎక్కువ అడుగుతున్నాడట. ఇవ్వండి.